టాపుకి కట్టిన మధుపర్కం

ఏంది ప్రసాదూ, పొద్దున్నే కారు నాలుగు తలుపులూ బార్లా తీసి లోపల ఎల్లకిలా పడుకున్నావ్? టాపుకి లోపలేసిన గుడ్డ జారిందా. జారుద్ది మరి, ఈ ఎండకి ఏదైనా జారుద్ది. మీ కార్లకి బంకపెట్టి అంటిస్తారంటగా, అందుకే. మా రోజుల్లో అంబాసిడర్‌కి అట్టా కాదు. లంగాకి బొందు ఎక్కించినట్టు గుడ్డకి గొట్టంలాగా మడిచి కుట్టి, అందులో ఇనప తీగ దూర్చి, తీగ కొసలు రెండుపక్కలా తగిలించేవోళ్ళు. నాకెట్టా తెలుసా? కుట్టినదాన్ని నేనేగా. ఆ అట్టముక్క ఇటు పడెయ్, కింద పరుచుకుని కూచుంటా. మోకాళ్ళు చెప్పిన మాట వినట్లా.

మా ఆయన్ని నువ్వు ఎరగవులే, నువ్వు పుట్టకముందే పోయాడు. మొగుడి పేరు పలక్కూడదనేది మా అత్త. ఆవిడా లేదు, ఆయనా లేడు, ఇంక ఎవరికి భయం. సాంబయ్య. జగ్గయ్యపేటలో సాంబయ్య టాక్సీ అంటే పెళ్ళిళ్ళ బండి. ముహూర్తాలొస్తే ఇంటికొచ్చేవోడు కాదు. పేటలో పెళ్ళికూతుళ్ళంతా ఆ కారెక్కారుగానీ నేను ఎక్కలా. స్టాండ్‌లో డ్రైవర్లకి అదో పట్టింపు. బాడుగ బండిలో ఇంటి ఆడది ఊరికే షికారుకి కూచుంటే బోణీ పాడవుద్దంట. నేను కడిగేదాన్ని, తుడిచేదాన్ని, అద్దానికి నిమ్మకాయ కట్టేదాన్ని, తలుపేసి ఇంట్లోకొచ్చేదాన్ని. ఒక్కసారి ఎక్కాలని ఉండేది. అడగలా. అడిగితే కాదనాలి, కాదంటే ఆయన మొహం మాడుద్ది, ఎందుకొచ్చిన గొడవ.

ఆఁ, గుడ్డ సంగతి గదూ. ఉప్పెన వచ్చిన ఏడాదికి ముందనుకుంటా, మాఘమాసం. పైన గుడ్డ చీకిపోయి కిందకి వేలాడి, పెళ్ళికూతురి పూలజడ దాంట్లో చిక్కుకుంది. ఈయన బజారుకి పోయి తెల్ల లాంక్లాత్ గుడ్డ తెచ్చాడు. మల్లెపువ్వులాగా ఉంటదే అన్నాడు. రిక్షాలకి టాపులు కుట్టే మౌలాలి వచ్చి సాయంపట్టాడు, ఇద్దరూ వాకిట్లోనే బిగించారు. తెల్లారి చిల్లకల్లు పెళ్ళికి పోయాడా, పెళ్ళికూతురి మేనత్త, రత్తమ్మని, గయ్యాళిది, కార్లోకి తొంగిచూసి బయటికి దూకిందంట. "ఏవయ్యా సాంబయ్యా, పిల్లని అత్తారింటికి తీసుకుపోతావా కాటికి తీసుకుపోతావా? నెత్తిమీద ఆ తెల్లగుడ్డేంది, పాడెమీద కప్పినట్టు?" ఇంకేముంది, ఆ మాట ఊరంతా పాకింది. ఆ మాఘంలో మళ్ళా పెళ్ళివాళ్ళెవరూ మా గడప తొక్కలా. ఈయన అరుగుమీద కూచుని బీడీ తర్వాత బీడీ. కూరలో ఉప్పు లేకపోయినా తెలవట్లా మనిషికి.

నేను పెట్టె తీసి నా మధుపర్కం చీర బయటేశా. లబలబలాడాడు. "అది మన పెళ్ళినాటిదే, బసవా." పెళ్ళైపోయిందిగా, ఇంక దాంతో పనేముంది అన్నా. పెట్టెలో పెట్టి పురుగులకి మేపేదానికన్నా నయమేగా. పసుపునీళ్ళలో ముంచి ఆరేశా. పాత గుడ్డ కొలతకి కత్తిరించా, తీగల గొట్టాలు చేత్తోనే కుట్టా, అంచు రెండువైపులా కిటికీలమీదకి వచ్చేట్టు పెట్టా. మౌలాలి చూసి, "వదినా, నువ్వు కొట్టు పెట్టావంటే నేను మూసుకోవాలి" అన్నాడు. వాడు ముఖస్తుతి మనిషిలే. అయినా బాగుంది. లోపల కూచుంటే పందిట్లో కూచున్నట్టే. తర్వాత పెళ్ళికొడుకుల తలపాగాలకి కాస్త పసుపు అంటేది, శుభమేననేవోళ్ళు. ఆ రత్తమ్మే తన రెండో మేనకోడలికి మా బండే మాట్లాడింది, సిగ్గులేకుండా.

ఆ పసుపుగుడ్డ బిగించిన మర్నాడంతా ఈయన ఇంట్లో లేడు. ఆ మర్నాడు పొద్దున్నే కారు గుమ్మంలోకి తెచ్చి హారన్ కొట్టాడు. "ఎక్కవే." బోణీ కాలేదుగా అన్నా. "షికారుకి కాదు, పనిమీద. నందిగామ దాకా పోయొద్దాం, కుదుపులకి గుడ్డ జారుద్దో లేదో నువ్వు వెనకాల కూచుని చూస్తా ఉండు." పని అన్నాక ఇంకేంది, చీర మార్చుకోకుండానే ఎక్కా. మెడ పైకెత్తి కూచున్నా. గుంట వచ్చినప్పుడల్లా "ఏమే, జారిందా?" అనేవోడు. లేదు, పోనియ్ అనేదాన్ని. కొంతదూరం పోయాక, "కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారు, దోవంతా ఎర్రగా ఉంది, చూడవే" అన్నాడు. నేను పనిమీదొచ్చా, నా పని నన్ను చేసుకోనియ్ అన్నా. నవ్వాడు. నందిగామలో టీ గ్లాసు కిటికీలోంచి ఇస్తే అదీ పైకి చూస్తానే తాగా, పైట తడుపుకున్నా. పోయేప్పుడూ పసుపే, వచ్చేప్పుడూ పసుపే. నా కుట్లు ఎక్కడ వంకరపోయాయో ఇప్పుడడిగినా చెబుతా. దోవ మాత్రం చూళ్ళా.

ఆయన పోయాక కారు చందర్లపాడు వాళ్ళకి అమ్మేశా. ఇంట్లో పెట్టుకుని ఏంజెయ్యను, కోళ్ళు గుడ్లు పెట్టేదానికా. మౌలాలి వచ్చి, "వదినా, గుడ్డ విప్పి నీకిచ్చెయ్యనా?" అన్నాడు. కొన్నవాడు టాపు చూసి కొన్నాడు, ఉండనియ్ అన్నా. కారు సందు మలుపు తిరిగిపోయింది. అప్పుడు చెప్పాడు ఆ మౌలాలి సచ్చినోడు. "మీ నందిగామ ప్రయాణానికి ముందురోజే సాంబయ్యన్న నన్నెక్కించుకుని రెడ్డిగూడెం గతుకుల రోడ్డున తిప్పాడు వదినా. గుడ్డ ఇసుమంత కదల్లా. ఇంక చాలు, రేపు బసవని ఎక్కించుకోవాలి, పని అని చెప్తేగానీ ఎక్కదు, ఎవరికీ చెప్పమాకు అన్నాడు." ముందే చెప్పి ఏడవచ్చు గదరా అన్నా. ఏం లాభం. ఇంట్లోకొచ్చి పొయ్యి రాజేసుకున్నా. ఇప్పటికీ కల్లాల్లో మిరపకాయలు కనబడితే చూసి, ఇట్టా ఉండిందా ఆరోజు అనుకుంటా. ఆయన మొహం అద్దంలో కనబడేదే గదా, కాస్త తల దించితే.

అదుగో ఆ మూల, మడత పడింది, లాగు. ఇంకొంచెం. చాల్లే. ఏందీ, నన్నా? ఎక్కి చూడమంటావా, నందిగామ దాకానా? ఎండెక్కుతుందిరా, పప్పు పొయ్యిమీద పెట్టాలి.

సరే, ఆ తలుపు పట్టుకో. ముందు వద్దు, వెనకాలే కూచుంటా. నువ్వు దోవ చూసి నడుపు. జారిందా జారిందా అని మాత్రం అడగమాకు.