రెండింతల మీద కొసరు

మట్టెవాడల సారంగపాణి రేడియో దుకాణం అరుగు మీద ఛాయ్ ఊరికెనే రాదు. తాగినంత సేపు ఆయన కోతలు వినాలె. ఆ పొద్దు శారద ఛాయ్ కోసం రాలే, కోతల కోసం అసలే రాలే. తన కంప్యూటర్ తనకు కావాల్నని వచ్చింది. మస్కట్ల ఉండే మేనమామ తెచ్చిచ్చిన మిషిన్ అది, రబ్బరు బటన్లది, టీవీకి తగిలిస్తే బొమ్మ పడేది. ఒక బటన్ సరిగ్గ పడ్తలేదని బాగుచేయమని ఇచ్చింది. "సాయంత్రానికి చేసిస్త చెల్లే" అన్నోడు, ఎప్పుడొచ్చి అడిగినా రేపంటాండు, మాపంటాండు.

ఇగ ఆ రేపు మాపు నడవదు. తెల్లారితే హసన్‌పర్తి కాడ కొత్తగ పెట్టిన ప్రైవేటు కాలేజీల కంప్యూటర్ టీచర్ కొలువుకు ఇంటర్వ్యూ. వాళ్ల కాడ ఇంకా మిషిన్ లేదు. ఎవరి మిషిన్ వాళ్లే తెచ్చుకొని, పని చేసి చూపిచ్చినోళ్లకే కొలువని ఖరాఖండిగ చెప్పిన్రు. శారదకు పని వచ్చు. మిషిన్ మాత్రం సారంగపాణి దుకాణంల ఉన్నది, సారంగపాణి గడపకు అడ్డంగ కుర్చీ ఏసుకొని కూసున్నడు.

"అన్నా, నా మిషిన్," అన్నది, నిలబడే.

"కూసో చెల్లే. నీ మిషిన్ ముచ్చటే చెప్తాన వీళ్లకు."

వీళ్లంటే, కాజీపేట రైల్వేల పనిచేసే యాకయ్య, పక్క బట్టల దుకాణం ఎల్లస్వామి. ఇద్దరి చేతులల్ల ఛాయ్ గిలాసలున్నై, అంటే ఇద్దరు ఇరుక్కున్నట్టే.

"ఆ పుస్తకం రాసినోని మొఖం మండ!" అని మొదలుపెట్టిండు సారంగపాణి. ఆయనకు కోపం రానిదే కథ రాదు. "మిషిన్ల గుండెకాయ ఒకటి ఉంటది, ప్రాసెసర్ అంటరు. దానికి ఏ నంబరేస్తే ఏం పని చేస్తదో పుస్తకంల గడులు గీసి రాసిన్రు. రాసి, కొన్ని గడులు ఖాళీగ ఇడిసిన్రు. ఎందుకిడిసిన్రు? నేనడుగుతాన, ఎందుకిడిసిన్రు? కొనుక్కున్నోని కాడనే దాస్తరా దొంగ సచ్చినోళ్లు! నాకు మస్తు కోపమొచ్చింది. ఖాళీ గడి నంబరే తీసుకపోయి ఏసిన. మిషిన్ బంద్ కావాలె గదా? కాలే! ఐదు ఇస్తే పదకొండు చేసి చూపిచ్చింది. రెండింతలు చేసి, మీద ఒకటి కొసరేసింది, అంగట్ల మిరపకాయలమ్మే అవ్వ ఏసినట్టు."

శారదకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కొసరు దొరకవట్టింది తను. ఖాళీ గడుల నంబర్లు ఒక్కొక్కటే ఏసి, మిషిన్ మొండికేసినప్పుడల్ల బంద్ చేసి మల్ల పెట్టి, ఓపిక పట్టి దొరకవట్టింది. రేపు కాలేజోళ్లకు చూపిద్దామనుకున్నది అదే. సంబురం ఆపుకోలేక ఈ అరుగు మీదనే, ఈ మనిషికే చెప్పింది.

"అది నేను చెప్పిందే గదనే అన్నా!"

"నువ్వు చెప్పినవ్, నేను చేసిన. చెప్పుడు వేరు, చేసుడు వేరు. నడుమల మాట్లాడకు. అటెన్క ఏమైందో ఎర్కనా? ఈ కొసరు అంకెల కాడనే ఎందుకాగాలె అని సోంచాయించిన. మిషిన్ నుంచి ఒక వైరు గుంజి పంకకు తగిలిచ్చిన, నంబరేసిన. పంక రెండింతల స్పీడు, మీద కొసరు! దుకాణంల కాయితాలన్ని లేచి పోచమ్మ మైదానంల పడ్డై."

"పక్కనే గదనే నా దుకాణం," అన్నడు ఎల్లస్వామి. "ఒక్క తువ్వాల సుత ఎగరలే."

"ఎగిరే బట్ట నువ్వెప్పుడమ్మినవ్? అమ్మేటియన్ని గోనె సంచులు! జర విను. బక్కమ్మవ్వ బర్రె లేదా, కొమ్ముకు వైరు సుట్టిన. చెంబెడు పాలిచ్చే బర్రె రెండు చెంబులిచ్చింది. మీద కొసరు ఒక గురిగి పెరుగు."

"పెరుగా!" అన్నడు యాకయ్య. "బర్రె పెరుగెట్ల ఇస్తదే?"

"నీకు దిమాక్ ఉన్నదా? పుస్తకంల లేని పని చేస్తదని పొద్దటిసంది మొత్తుకుంటలేనా? పుస్తకం ప్రకారమైతే పాలే ఇస్తుండె!"

"నా మిషిన్ ఏది అన్నా?" అన్నది శారద. గొంతు వణికింది. అది ఏడుపనుకుంటరేమోనని ఇంకింత మండింది.

"వస్తాన, ఆడికే వస్తాన. అటెన్క కాజీపేట స్టేషన్‌కు పోయిన. సిగ్నల్ తీగెకు తగిలిచ్చి నంబరేసిన. తొమ్మిది డబ్బాలతోని వచ్చిన రైలు పంతొమ్మిది డబ్బాలతోని పోయింది. కండ్లార చూసిన!"

"ఆడ డ్యూటీల ఉండేది నేను," అన్నడు యాకయ్య. "నాకేం కనవడలే."

"నువ్వు డ్యూటీల కండ్లు తెరిస్తే గద!"

"సరే తీయ్. ఆ కొసరు డబ్బల ఎవలున్నరే మరి?"

"ఎవలుంటరు? టికెట్ లేనోళ్లు!"

ఎల్లస్వామికి ఛాయ్ ముక్కులకెక్కింది. ఇద్దరు పడి పడి నవ్విన్రు. శారద నవ్వలే. ఈయన నోట్ల మన్ను వడ, అనుకున్నది. నా కొలువు పోయేటట్టున్నది, ఈయనకు రైలు డబ్బాల లెక్క.

నవ్వు చూసేసరికి సారంగపాణికి ఇంకింత రోషమొచ్చింది. కుర్చీల నుంచి లేచిండు గని గడప మాత్రం ఇడువలే. "నవ్వుతాన్రా? అయితే వినున్రి! హన్మకొండ పోయిన. వేయిస్తంభాల గుడిల ఒక స్తంభానికి వైరు సుట్టిన. నంబరేసిన. భూమి గజగజ వణికింది. లెక్కవెట్టుకుంటె రెండువేల ఒకటి! పూజారి కాళ్ల మీద పడ్డడు. అయ్యా, గుడి పేరు మార్చాలె, బోర్డు మార్చాలె, మాతోని కాదని. జాలిపడి మల్ల ఎన్కకు తీసిన. అన్ని పోయినై గని కొసరు స్తంభం ఒక్కటి పోనని మొండికేసింది. మా పెరట్లనే ఉన్నది. మా ఆమె దానికి దండెం కట్టి బట్టలారేస్తాంది."

"ఎప్పుడన్న చూద్దాం మరి," అన్నడు ఎల్లస్వామి.

"తడిబట్టలున్నై, ఇప్పుడు కనవడది!" అని కసిరిండు. అటెన్క శారద దిక్కు తిరిగి గొంతు పెద్దగ చేసిండు. "ఇప్పుడు చెప్పు చెల్లే. అసొంటి మిషిన్ నీ చేతుల నేనెట్ల పెట్టాలె? ఢిల్లీ నుంచి సైంటిస్టులు ఫోన్ చేసిన్రు, ఎవ్వలికి ఇయ్యద్దన్నరు. రేపు నువ్వు హసన్‌పర్తిల ఏదో బటన్ నొక్కుతవ్. చెరువు రెండింతలైతది, మీద కొసరొకటి. ఊరు మునిగితే ఎవలు జవాబు చెప్పాలె? నీ కొలువు ముఖ్యమా, ఊరు ముఖ్యమా?"

శారదకు అప్పుడర్థమైంది. ఇయ్యనోడు కాదు, ఇయ్యలేనోడు. బ్యాగు తెరిచి, నల్లగ ఇటుక పెళ్లంత ఉన్న డబ్బ ఒకటి తీసి అరుగు మీద పెట్టింది.

"ఇదేందో ఎర్కనా అన్నా? నా మిషిన్ అడాప్టర్. దీంట్ల నుంచే దానికి కరెంట్ పోవాలె. ఒక్క బటన్ బాగుచేయనీకి ఇదెందుకని నీకియ్యలే. అప్పటిసంది నా ఇంట్లనే ఉన్నది, ఈ పొద్దు మిషిన్ నడిపి చూసుకొని పోదామని తెచ్చిన. మరి మిషిన్ దేంతోని నడిపినవ్?"

యాకయ్య గిలాస కింద పెట్టిండు. సారంగపాణి అప్పుడు సప్పుడు చేయకుంటే అయిపోతుండె. కాని ఊకుంటే ఆయన సారంగపాణెందుకైతడు?

"అడాప్టరా? నాకు అడాప్టర్ కావాల్నా? బ్యాటరీ లేకుంట కరెంటిచ్చేటట్టు నేను సొంతంగ చుట్టిన ఎలిమినేటర్ లేదా? ఈ మట్టెవాడల సగం రేడియోలు దాని మీదనే పాడ్తాన్నై! గుచ్చిన. ఒక్కటే గుచ్చుడు!"

"పిన్నుకు లోపట ప్లస్సా, మైనస్సా?"

"ప్లస్సే! నా ఎలిమినేటర్‌కు లోపట ప్లస్సే ఉంటది. ఏ రేడియో సుత నన్ను అడగలే."

"నా మిషిన్‌కు లోపట మైనస్ ఇయ్యాలె అన్నా." ఇప్పుడామె గొంతు వణకలే. "పుస్తకంల లేనియన్ని చెప్పినవ్. ఇది పుస్తకంలనే ఉన్నది. మొదటి పేజీలనే, లావు అక్షరాలతోని, ఉల్టా ఇస్తే కాలిపోతదని."

యాకయ్య లేచి, సారంగపాణిని భుజం పట్టి పక్కకు జరిపి లోపటికి పోయిండు. తువ్వాలల చుట్టిన మిషిన్ తెచ్చి శారద ముందట పెట్టిండు. తువ్వాల ఇప్పకముందే కాలిన వాసన అరుగంత కొట్టింది. శారద రబ్బరు బటన్ల మీద చెయ్యి పెట్టింది. పడని బటన్ ఇంకా పడ్తనే లేదు.

"అటెన్క ఏమైందో ఎర్కనా చెల్లే," అని మల్ల నోరు తెరిచిండు సారంగపాణి.

"నాకెర్కనే," అన్నది శారద. "నేనిచ్చింది ఒక్క మిషిన్. రెండింతలు, మీద ఒకటి కొసరు, మూడు కావాలె. రెండు నువ్వే ఉంచుకో అన్నా. పానమున్నది ఒక్కటి నాకియ్యి, పొద్దుగాల హసన్‌పర్తి పోవాలె."