పక్క సీటు

దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత కార్లు బాగుచేసే గ్యారేజీ. భోజనాల వేళ. మెకానిక్ జడ్సన్, సీట్లు కుట్టే గజేందర్.

"ఊరికి సామాన్లు పంపిన కార్గో పెట్టె సర్దింది నువ్వే కదా గజేందరూ. మరి చొక్కా ఏమైంది?"

"ఏ చొక్కా అన్నా?"

"ఏ చొక్కా ఏంటి? మా తమ్ముడు పాల్‌ది. నీలం డ్యూటీ చొక్కా. గుండె పట్టుకుని ఈ కారు పక్కనే పడిపోయినప్పుడు వాడి ఒంటిమీదున్నది. మా మరదలు జయ ఫోన్ మీద ఫోను. అన్నీ వచ్చాయంట, అదొక్కటే లేదంట."

"సూద్దాం తియ్. ముందుగాల ఈ సీటు బిగియ్యనియ్. సాయంత్రం పాత కార్ల పందానికి పోవాలె బండి. మన ఓనరు అర్బాబ్ ఊకె ఫోన్ చేస్తుండు, యల్లా యల్లా, జల్ది కానియ్ అని."

"రేపు నా ఫ్లైటు. తమ్ముణ్ణి ఎలాగూ పెట్టెలో పెట్టి పంపాను. ఉత్త చేతులతో వెళ్ళి ఆ పిల్ల ముందు ఎలా నిలబడను?"

"వేరే చొక్కాలు పోయినయి గద."

"అవి ఉతికినవి. దానికి ఉతకనిది కావాలి."

"జర ఆ పానా ఇటియ్యన్నా."

"నీతోనే మాట్లాడుతున్నా."

"పాలన్న ఈ సీటు గురించి ఏం చెప్పేటోడో యాదికుందా అన్నా?"

"మాట మార్చకు."

"మార్తలేను. యాదికుందా?"

"ఎందుకు లేదు? టీ తాగినప్పుడల్లా అదే కథ. రెండో ప్రపంచ యుద్ధం ముందు పందెం కార్లంటే ఎక్కువగా ఒక్క మనిషే పట్టేవంట, పైన కప్పు కూడా ఉండేది కాదంట. యుద్ధం అయ్యాక ఇటలీలో, రోడ్డు మీద తిరిగే కార్లకి వేరే పందెం పెట్టారంట. ఇంటి నుంచి అదే కారు తోలుకుంటూ వచ్చి, ఊళ్ళ మీదుగా పరిగెత్తి, మళ్ళీ అందులోనే ఇంటికెళ్ళిపోయేవాళ్ళంట. గ్రాండ్ టూరింగంటే అదిరా అనేవాడు."

"రెండో సీటు లేకుంటే పందెంలకు రానియ్యరట. మనిషి కూసున్నా కూసోకున్నా సీటు ఉండాలె."

"ఊఁ."

"బండి తయారైన్నాడు ఆ సీట్ల నేనే కూసుంట అనేటోడు. అర్బాబ్ గూడ సరే అన్నడు."

"అనడా మరి? ఇంజన్ వాడిదే. బోల్టు బోల్టూ వాడి చేతిలోంచి వచ్చింది... చొక్కా ఎక్కడ గజేందరూ?"

"మా దిక్కు సచ్చిపోయినోళ్ళ ఒంటిమీది బట్టలు ఇంట్లకు రానియ్యరన్నా. ఊరి బయట్నే పారేస్తరు. వదినె పెట్టె తెరవంగనే అది కనవడొద్దని తీసిన. మంచికే తీసిన."

"పారేశావా?"

"చెత్త డబ్బా దాకా పోయిన. చెయ్యి రాలె."

"మరి?"

"ఈ సీట్ల పెట్టి కుట్టిన. స్పాంజి కింద."

"ఏం చేశావురా..."

"కూసుంటనన్నడు గదన్నా. ఇంకెట్ల కూసోవెట్టాలె?"

"విప్పు."

"కొత్త తోలన్నా. కుట్టు ఇప్పితే తూట్లు కనవడ్తయి, మళ్ల కుట్టరాదు. బండి సాయంత్రం పోదు."

"పోకపోతే మానె. నా తమ్ముడి చొక్కా అది. వాడి పెళ్ళాన్ని అడగాలని తోచలేదా నీకు?"

"తోచలె. తప్పే. ఇగో కత్తి. నువ్వే కొయ్యి, నాతోని గాదు."

"ఇటివ్వు. ఎక్కణ్ణుంచి?"

"ఈ కుట్టు కాడికెల్లి. కొయ్యన్నా."

"ఆగు, ఫోను. జయే."

"స్పీకర్ల పెట్టు. నేనే చెప్త."

"బావగారూ, దొరికిందా?"

"అమ్మా జయా... ఇదిగో, గజేందర్ మాట్లాడతాడంట."

"వదినె, చొక్కా నా తాన్నే ఉంది. పాలన్న కూసుంటనన్న సీటు లోపల పెట్టి కుట్టిన. ఆయన గూడ బండితోని పోతడని. నువ్వు ఊఁ అను, ఇప్పుడే కోస్త. రేపు అన్నతోని పంపుత... వదినె? ఇనవడ్తుందా?"

"ఏ సీటు తమ్ముడూ? డ్రైవరు పక్కదా?"

"అవ్."

"అది నాకిస్తానన్నాడే."

"ఏంటమ్మా?"

"విజిట్ వీసా తీస్తాను, బండి అయ్యేసరికి నువ్విక్కడుండాలి, నా సీటు నీకిచ్చేస్తాను అన్నాడు బావగారూ. మొన్నే నా పాస్‌పోర్టు కూడా వచ్చింది. తీసుకొచ్చిన పోస్టుమాన్ని చూసి ఏడిస్తే ఆయనేం చేస్తాడు పాపం."

"ఏడవకు జయా. కోసేస్తున్నాం. కత్తి చేతిలోనే ఉంది. రేపు తెచ్చేస్తా."

"వద్దు. కొయ్యకండి."

"మరి నీకో?"

"నా సీట్లో ఆయన్నే కూర్చోనివ్వండి... ఆ తోలే ఆయనతో ఒక్కమాట చెప్పండి బావగారూ, కొంచెం నెమ్మదిగా తీసుకెళ్ళమని. గుండెల్లో నొప్పిగా ఉంటోందని మీ తమ్ముడు నాకొక్కదానికే చెప్పాడు, మీకు తెలిస్తే బండి పూర్తికాకుండానే ఇంటికి పంపేస్తారని."