కత్తి పక్కన పెట్టి

మధ్యాహ్నం సెలూన్ ఖాళీగా ఉంది. రాలిన జుట్టు ఊడుస్తున్న మరిదికి వదిన అన్నం క్యారేజీ తెచ్చింది.

"ఏం మరిదిగారూ, ఈ వారమైనా ఎవరికైనా యేసయ్య గురించి చెప్పారా, లేక అంతా క్రికెట్టేనా?"

"వేళాకోళం ఆపు వదినా. ఆ మాట ఎత్తాలంటే కొత్తవాళ్ల దగ్గర నాకు నోరు పెగలదు."

"నీకా! మంచి జోకే."

"నవ్వుతారేమో, లేచిపోతారేమో అని భయం."

"సగం గడ్డంతో ఎక్కడికి లేచిపోతాడయ్యా?"

"అదే కదా! మెడ మీద కత్తి పెట్టి దేవుడి గురించి చెబితే, వినక ఏం చేస్తాడు?"

"అబ్బో, సాకు బాగానే దొరికింది."

"సాకు కాదు. ఇవాళ పొద్దున చెప్పాను."

"నిజంగా? ఎవరికి?"

"ఎవరో పెద్దాయన, ఎప్పుడూ చూడలేదు. రేపు గుండె ఆపరేషనట. భయంగా ఉందన్నాడు. నేను కత్తి పక్కన పెట్టేసి, 'భయమేస్తే నేను యేసయ్యతో చెప్పుకుంటానండీ, మీ కోసం కూడా చెప్పమంటారా?' అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"కప్పిన గుడ్డ కిందనుంచి చెయ్యి తీసి నా చెయ్యి పట్టుకున్నాడు."

"ప్రార్థన చేశావా మరి?"

"రెండు ముక్కలే చేశాను. మిగతాదంతా మర్చిపోయాను."

"పేరైనా అడిగావా?"

"అయ్యో! అదీ మర్చిపోయాను."

"సరిపోయింది! ఆ చీపురు అక్కడ పెట్టి ఇలా రా. అన్నం తినేముందు ఇద్దరం కలిసి ఇంకోసారి చెబుదాం. పొద్దున గడ్డం గీయించుకున్న పెద్దాయన అంటే దేవుడికి తెలుస్తుందిలే."