ముందు తీసిన కార్డు

రెండువేల నాలుగు, ఫిబ్రవరి. అక్కుపల్లి దగ్గర ఒక ఉద్దానం ఊళ్ళో, అన్నాలయ్యాక, వీధరుగు మీద సాల్మన్ రాజు, అతని కూతురు వనజ.

"మరిసిపోలేదంటే నమ్మవేటి? డిసెంబరు ముప్పయ్యొకటి. ప్రార్థనయ్యాక చర్చిలో ఉప్మా, అరటిపండు, కేకు ముక్క పెట్టారు. ఉప్మాలో ఉప్పుంటాదని ముట్టలేదు, కేకు తిన్నాను. ఇంత గుర్తున్నోడికి తన వాగ్దానం కార్డు గుర్తుండదా?"

"ఉంటాది నాన్నా. ఏటొచ్చింది, మళ్ళీ సెప్పు."

"కదలకుండా నిలబడు, నీ పని నేను సూసుకుంటానని వచ్చింది."

"అందుకని రేపు వైజాగు రానంటావు."

"అందుకనే."

"కిడ్నీలు పాడయ్యాయి, డయాలిసిస్ ఇంక మొదలెట్టక తప్పదని డాక్టరన్నాడా లేదా?"

"డాక్టరు తనకి తెలిసింది సెప్పాడు."

"పళ్ళెంలో బైబిలు మాటల కార్డులు పోసి, కళ్ళు మూసుకొని ఒకటి తీసి, ఇంక ఏడాదంతా దాని మాటేనా?"

"అలగనకు. మీ తాత నాటి నుంచి తీత్తన్నాం. తీసేది మన సెయ్యే గానీ ఇచ్చేది ఆయన. సావూ బతుకూ ఆయన సేతిలోవి."

"మందు సీసా మూత తీసేది మన సేతిలోది."

"టెక్కలిలో నీ హాస్టలు పిల్లల్ని గదిమినట్టు నన్ను గదమకు."

"ఆళ్ళు నయం. మందేసుకోమంటే ఏసుకుంటారు. జనార్దనరావు మావకీ ఇదే జబ్బు. కార్డులూ అవీ ఏవీ తీయడు. వారానికి రెండుసార్లు వైజాగెల్తన్నాడు. నిన్న కొబ్బరితోట కాడ కనిపించాడు, కాయలు దింపిత్తన్నాడు."

"ఆడికీ తెలుసు, అంతా నుదుటి రాతేనని. నాతో ఎన్నిసార్లన్నాడో."

"రాతే అంటాడు. అంటూనే రైలెక్కుతాడు."

"ఆడి దారి ఆడిది."

"సరే, ఒక్క మాట సెప్పు. రేపు నువ్వేటి సేత్తావో దేవుడికి ఇప్పుడే తెలుసా?"

"తెలుసు."

"రైలెక్కేదీ, మానీదీ?"

"తెలుసు. తెలిసిందే జరుగుతాది. మజ్జిలో మనం కొట్టుకోవడం దండగ."

"నా సిన్నప్పుడు అమ్మ జీడిపప్పు ఏయించి డబ్బాలో పెట్టేది. నేను తీసేత్తానని అమ్మకి తెలుసా, తెల్దా?"

"తెలవకేటి? సాయంత్రానికి డబ్బా ఖాళీ సేసేత్తాది నీ గుంట, అనేది నాతో."

"మరి నేను తీసానా, అమ్మ తీయించిందా?"

"నువ్వే. దొంగవి."

"అదీ. తెలవడం యేరు, సేయించడం యేరు."

"అయితే తెలిసీ నీ సేతికందేలాగ బల్ల మీద ఎందుకు పెట్టేది మీ అమ్మ?"

"నేను తినాలని."

"ఊ."

"వైజాగు కూడా అందేలాగే పెట్టాడేమో నాన్నా. ఎల్లీదీ మానీదీ నీకొదిలేసి."

"మాటలు బాగా నేర్సావు."

"బీయే సదివింది నువ్వు. నేర్పింది నువ్వు. ఇంకోటి అడుగుతాను. నా కార్డు కూడా ఆ రాత్రి నువ్వే తీసావు గదా?"

"తీసాను. హాస్టల్లో పిల్లలకి జ్వరాలని నువ్వు రాలేదు. లే, బయలుదేరు, నీ ముందు నేను నడుత్తానని వచ్చింది. మర్నాడు నీకు తెచ్చిచ్చాను గదా."

"ఇచ్చావు. రెండు కార్డులూ ఎందులో పెట్టుకొచ్చావు?"

"సొక్కా జేబులో."

"ఒకే జేబులో."

"సొక్కాకి ఎన్నుంటాయి మరి?"

"అక్కడే సదివావా?"

"కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది. తెల్లారి సదివాను."

"అయితే ఏది ముందు తీసిందో, ఏది నా కోసం తీసిందో ఎలగ తెలిసింది?"

"కొంచెం నీళ్ళియ్యి."

"డాక్టరు సెప్పిన లెక్కకి ఇయ్యాల్టి నీళ్ళు అయిపోయాయి. కావాలంటే నోరు తడుపుకో. ఎలగ తెలిసింది?"

"ముందు తీసింది నాది. ముందు పెట్టింది జేబులో ఎనకాలుంటాది."

"తెల్లారి ఎనకాలున్నదేదో సూసి తీసావా?"

"తీసానేమో."

"సూసావా నాన్నా?"

"సూడలేదు."

"మరి?"

"రెండూ బల్ల మీద పెట్టి సదివాను. నువ్వు సిన్నదానివి, నడిసే వయసు. మంచిది నీకియ్యాలనిపించింది."

"ఎవులికనిపించింది?"

"నాకే."

"అదీ మాట. ఆయన రెండూ నీ ముందు పెట్టాడు. పంచింది నువ్వు."

"నీ కోసమే గదా పంచాను. తప్పా?"

"తప్పని నేనన్నానా? అంత పని నీ ఇష్టంతో సేసి, ఇప్పుడు నా ఇష్టం ఏటుంది అంటన్నావు. ఇదిగో, నాది నీకిత్తన్నాను. తీసుకో."

"కార్డులు మార్సుకోకూడదు."

"ఎవులన్నారు?"

"సంఘ పెద్దలు."

"నువ్వే గదా పెద్దవి."

"నవ్వించకు, ఆయాసం వత్తంది."

"నవ్వులాటకి అనలేదు. ఎందుకింత పట్టుదల? సూదులంటే భయమా?"

"సూదికేటి భయం."

"మరి దేనికి?"

"వదిలీ."

"వదలను."

"మీ అమ్మకీ ఇదే జబ్బు. అప్పుడు నువ్వన్నావు, మీ పెద్దమ్మ అంది, వైజాగు తీసుకెల్దామని. మీ అమ్మ కూడా ఒకసారి అడిగింది. నేనే, ప్రార్థన సేద్దాం, కదలొద్దన్నాను. పోయాక, దేవుడు పిలుసుకున్నాడనుకున్నాను. అలగనుకుంటేనే నిద్దర పడతంది వనజా. రేపు నేనెల్లి బతికాననుకో. అప్పుడు తను కూడా బతికుండేదని గదా. అప్పుడేటి సెయ్యాలి నేను?"

"ఏడవాలి."

"ఏటి?"

"బతికి ఏడవాలి. నాలుగేళ్ళ నుంచి నేనొక్కదాన్నే ఏడుత్తన్నాను ఈ ఇంట్లో. నువ్వు దేవుడి మీద పెట్టేసి పడుకున్నావు. ఇప్పుడు నువ్వూ పోయి అది కూడా ఆయన మీదే పెడితే, నేనొప్పుకోను. ఆయనొప్పుకున్నా నేనొప్పుకోను."

"దేవుడితో అలగ మాటాడకూడదు."

"ఆయనతో కాదు. నీతో మాటాడతన్నాను."

"నాతో ఇలగ మాటాడేది మీ అమ్మే."

"అప్పుడూ ఇనలేదు నువ్వు."

"ఇనలేదు."

"ఈ దుప్పటి కప్పుకో, మంచు దిగుతంది."

"ఆదివారం నుంచి సూత్తన్నాను, నువ్వు కూడా నా ఉప్పులేని కూరే తింటన్నావు. నీకేటి జబ్బు?"

"రుచి ఎలగుంటాదో సూద్దామని."

"ఎలగుంది?"

"గడ్డిలాగుంది."

"మరి రోజూ బాగుంది తిను, బాగుంది తిను అని పెడతన్నావు."

"నువ్వు తినాలని."

"ఊ. జగదీషుకి ఆటో సెప్పావేటి?"

"పొద్దున్నే సెప్పాను. అయిదింటికి వత్తానన్నాడు. పలాసలో పాసింజరు అందుకోవాల."

"నన్నడక్కుండానే."

"అడిగితే కార్డు సూపిత్తావు గదా."

"మొండిదానివి. నా తెల్లసొక్కా ఇస్త్రీ ఉందా?"

"ఉంది. ఈ కార్డు దాని జేబులో పెట్టీనా?"

"వద్దు. రెండూ ఇంట్లోనే ఉండనీ. అది పట్టుకెల్తే మళ్ళీ ఆయనే పంపినట్టవుతాది. రేపు రైలెక్కేది నేను. మీ అమ్మని ఆపిందీ నేనే. నువ్వు పడుకో తల్లీ, తలుపు నేను ఏసుకుంటాను."