హర్ష గారు రాసిన ఏడో అధ్యాయం

సముద్రం మీద సిగ్నలుండదు. అయినా టవరూ సర్వరూ అక్కర్లేకుండా ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి కబురు అందించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దానికి "బోటు ఆపదలో ఉంది" అని చెప్పే భాగం కలిపి ఇస్తానని, ప్రోగ్రాములు రాసే నీలోఫర్ చేపలవేటకెళ్లే యలమందకి మాటిచ్చింది. పోయిన నెల ఆయన తమ్ముడి బోటు ఇంజను చెడి రెండ్రోజులు నీళ్లమీదే తేలింది మరి. కానీ ఎంత తంటాలుపడ్డా ఆమె పని ముందుకు సాగట్లేదు. అందుకే యలమంద, ఆ సాఫ్ట్‌వేర్ పుస్తకం రాసినాయనట అంటూ గుడివాడ నుంచి హర్షని బందరు పక్కన గిలకలదిండి హార్బరు టీకొట్టుకి వెంటబెట్టుకొచ్చాడు.

"పెద్ద పనేం కాదులే బాబాయ్," అన్నాడు హర్ష టీ ఊదుకుంటూ. "కొత్త భాగాలు కలపడం ఎలాగో డెవలపర్లకి చెప్పే గైడులో ఒక్క అధ్యాయం రాశా, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది చదివి జర్మనీలో ఒకాయన ఏడ్చాడు!"

"అర్థంకాకనా అండీ?" అంది నీలోఫర్.

"ఆనందంతో అమ్మా! మిగతా నాలుగొందల పేజీలూ మీరే రాయాలని కాళ్లావేళ్లా పడితే, గుడివాడలో రైలెక్కి బందరులో దిగేలోపు ఫోన్లోనే రాసి పడేశా. ఆ తర్వాత తుఫానొచ్చి దివిసీమలో టవర్లన్నీ పడిపోయాయా, అవనిగడ్డలో ఒక మేస్టారు నా గైడు పైకి చదివాడంతే, ఊళ్లో ఫోన్లన్నీ వాటంతటవే కలిసిపోయాయి. ఫోన్లేనా! రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లు కూడా!"

యలమంద నోరు తెరిచాడు. "వాటికి చదువొచ్చా?"

"రొయ్యలకే వచ్చేసింది బాబాయ్! ఈ చెరువులో రొయ్య మీసం ఊపితే పక్క చెరువు రొయ్యకి కబురు, అక్కణ్ణుంచి కాలవలోకి, కాలవలోంచి సముద్రంలోకి. ఆ రోజు బోట్లన్నీ ఒడ్డుకి చేరాయంటే ఎవరి పుణ్యం అనుకున్నావ్? ఇక ఉపగ్రహం సంగతైతే..."

"ఉపగ్రహాన్ని కాసేపు పైనే ఉండనివ్వండి హర్ష గారూ," అంది నీలోఫర్, లాప్‌టాప్ తెరిచి. ఆ ఒక్క అధ్యాయాన్నైనా ఈయన ఇంకెక్కడో రాసి ఉంచాడేమోనని ఇందాకటిదాకా ఆమెకీ ఆశగానే ఉంది. "గైడులో మీ అధ్యాయం ఇదిగో, చదవనా? 'ఏడో అధ్యాయం. కొత్త భాగం కలపడం ఎలా. రచన: హర్ష, గుడివాడ. ఇక్కడ త్వరలో రాస్తాను.' అంతే ఉందండీ. తేదీ చూస్తే నాలుగేళ్ల కిందటిది. మూడు వారాలుగా నేను ఆగిపోయింది ఇక్కడే."

యలమంద గ్లాసు కింద పెట్టాడు. "అయితే ఇప్పుడు రాసెయ్ నాయనా. బోట్లు ఎల్లుండి బయలుదేరతాయి."

నీలోఫర్ లాప్‌టాప్‌ని అతని ముందుకి జరిపింది. హర్ష కీబోర్డు మీద వేళ్లు పెట్టాడు, తీశాడు, మెడ తుడుచుకున్నాడు. యలమంద అటు తిరిగేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు:

"ముందు ఈ సాఫ్ట్‌వేర్‌ని ఇన్‌స్టాల్ ఎలా చేస్తారమ్మా?"