నర్సింగ్ తాత జర్మన్ల పని

దేశంగాని దేశంల, అల్ ఖోర్ కూలీల క్యాంప్ ముంగట చాయ్ దుకాణంల తిరుమల్ గిలాస పట్టుకొని కూసున్నడు గని తాగుతలేడు. రేపు క్రేన్‌కు ఏలాడే బుట్టల నిలవడి పైకి పోవాలె. మొన్న సగం దాక పోంగనే కండ్లు మూసుకొని ఒర్రితె దించిర్రు. రేపు గూడ గట్లనే అయితే కంపెనీ ఇంటికి తోలుతది. ఫోర్‌మన్ డేనియల్ సార్ మొఖం మీదనే చెప్పిండు.

పక్కూరి పిలగాడు గట్ల ముడుసుకొని కూసుంటె ఎదురు బల్ల మీదున్న నర్సింగ్‌కు పానం ఆగలే. మొదలువెట్టిండు.

"ఎత్తుకు భయపడ్తర్రా? మా తాత జర్మన్ల పనిజేసిండు. ఫౌజుల జేరి లడాయికి పోయిండు, జర్మనోళ్ళు పట్టుకపోయి విమానాలు కడుగుమన్నరు, కడిగిండు, గంతే. ఆ ఎనుక ఏమైందో ఎర్కేనా?"

"నడిపేశాడా ఏంటి?" అన్నడు పక్కనే చాయ్ తాగుతున్న డేనియల్ సార్, ఆయనది గోదావరి దిక్కు.

"ఆగు సార్! ఆ బాంబుల విమానం గద్ద కోడిపిల్ల మీదికొచ్చినట్టు నెత్తి కిందికి వెట్టి దునుకుతది, బాంబేసి మల్ల లేస్తది. లేసేటప్పుడు పైలెట్ సోయి తప్పిండు. ఎనుక సీటు కడుక్కుంట దిగుడు మర్సిన మా తాత అండ్లనే ఉన్నడు. యల్లా, నడువ్ అని ముంగటికి దుంకి విమానం నడిపే కట్టె గుంజిండు. ఎంత కిందికెళ్ళి లేసిండంటే, గుడిసె మీదున్న కోడిగుడ్డు చేతికందింది!"

"పలిగిందా మామా?" అన్నడు తిరుమల్.

"పలుగుతదా! పైకి పోయేటాల్లకు పిల్లయింది. ఇగ తాతనే పైలెట్. మనుషులను సంపుడు పాపమని బాంబులన్ని సముద్రంల ఏసెటోడు, జర్మనోళ్ళకు దినాం చేపల కూర. కూలినప్పుడల్ల రెక్క సంకల వెట్టుకొని నడిచొచ్చెటోడు. ఓపారి చక్రాలూడితె కాళ్ళు కిందికి సాపి ఉరుక్కుంట దించిండు, చెప్పులు అరిగినయ్ గంతే. మోటర్ ఆగితె నోటితోని బుర్రుమన్నడు, మబ్బుల దాక పోయింది! ఆ ఎనుక ఏమైందో..."

"నాకెర్కే మామా," అన్నడు తిరుమల్. "ఆ ఎనుక మా ఊరి అంగడికొచ్చి మా అవ్వ జర్మన్ గిన్నెకు అతుకేసిండు. జర్మన్ల పనిజేసుడు నిజమే."

"జర్మన్ గిన్నేంటి?" అన్నడు డేనియల్.

"మీరు సిల్వర్ గిన్నె అంటరు సూడు సార్, మా దిక్కు దాన్నే జర్మన్ అంటరు."

డేనియల్ నవ్వుతుంటె చాయ్ అంగి మీద వడ్డది. నర్సింగ్ మాత్రం తిరుమల్ దిక్కే సూస్తుండు. పిలగాడు సల్లారిన చాయ్ ఒక్క గుక్కల తాగి లేసిండు.

"ఆ గిన్నె ఇప్పటికీ కారుతది మామా. మా అవ్వ పొయ్యికట్టె వట్టుకొని నిలవడ్డా, మల్లొచ్చే వారం మీ తాత అదే అంగడికి అతుకులేస్తా అనుకుంట వచ్చెటోడట. గంత ధైర్యం నాతోని గాదు గని, బుట్ట ఎక్కుత తీయ్."