ఎమ్మారైలో పెదబాబు ఊపిరి

బొబ్బర్లంక రేవులో సత్తియ్య టీ కొట్టు బల్ల మీద కూర్చుని పెదబాబు మొదలెట్టాడు.

"ముప్పై ఏళ్ళుగా గోదాట్లో మునిగి చిక్కుబడ్డ వలలు విప్పుతున్నవాణ్ణి, ఊపిరి బిగపట్టడం నాకో పనేంటండి? మొన్న కళ్ళు పచ్చబడ్డాయి కదా, రాజమండ్రిలో స్కాన్ తీసి, పాంక్రియాస్ వాచింది, కేన్సరేమో, కొయ్యాలన్నారు. మా ఆవిడ తలుపులమ్మ అక్కడే కూలబడిపోయింది. అప్పుడు ఉషారాణి గారని పెద్ద డాక్టరమ్మ, ఆగండి, ఇది అరుదుగా వచ్చే ఇంకో రకం వాపులా ఉంది, ఎమ్మారైలో తేలిపోతుంది, కానీ బొమ్మ చెదరకూడదు, ఇరవై సెకన్లు ఊపిరి ఆపగలవా అన్నారు. నవ్వేశాను.

"ఇరవై అయింది, నలభై అయింది, నేను వదల్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిషన్ కుర్రాడు బయటికెళ్ళి పెసరట్టు తినొచ్చాడు."

"ఉప్మాతోనా అన్నయ్యా?" అన్నాడు సత్తియ్య.

"ఉప్మాతోనే. వచ్చేసరికి నేనలాగే ఉన్నాను, మిషనే అలిసిపోయి ఆగింది. బొమ్మ ఎంత బాగా వచ్చిందంటే, పోయినేడు మింగిన పులస ముల్లు కూడా కనపడింది. ఢిల్లీ డాక్టర్లు దిగారు, జర్మనీ నుంచి ఫోన్లు. ఎవరికీ అంతుపట్టకపోతే నేనే లేచి చెప్పాను. అయ్యా, గడ్డయితే ఒకచోట ఉబ్బుతుంది, ఇది గుడ్లతో ఉన్న చేపలా తలనుంచి తోకదాకా నున్నగా పొంగింది, రోగాలు రాకుండా ఒంట్లో కాపలా కాసేవాళ్ళే సొంతింటి మీద పడ్డారు, కత్తెందుకు, మాత్రలు చాలు అని. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. పోలవరం నుంచి కూడా కబురొచ్చింది, నీళ్ళ అడుగున ఏదో చూసిపెట్టాలంట. ఖాళీ లేదన్నాను."

పక్కనే చేపలు కోస్తున్న తలుపులమ్మ కత్తిపీట ఆపింది. సత్తియ్య ఆవిడ మెడ వంక చూశాడు.

"పుస్తెలేవి వదినా? పసుపు కొమ్ము కట్టుకున్నావేంటి?"

"మీ అన్నయ్య ఊపిరి కోసమే తీశాను. మొదటిసారి మూడు సెకన్లకే బయటికి లాగమని కేకలేశాడు. రెండోసారి వణికిపోతే బొమ్మంతా చెదిరింది. ఇక కోసి చూడాల్సిందే అంటుంటే, నేనూ లోపలికి వస్తానన్నాను. బంగారం, ఇనుము ఏదీ ఒంటిమీద ఉండకూడదన్నారు. పెళ్ళయ్యాక ఎప్పుడూ తియ్యనిది తీసి, ఈ కొమ్ము కట్టుకుని వెళ్ళాను. కాలి బొటనవేలు పట్టుకుని, మావా, వల చిక్కుబడింది, మునుగు అన్నాను. అప్పుడు ఆపాడు. చేప మాటా, మాత్రల మాటా ఉషారాణి గారివే. వినగానే ఇద్దరం ఏడ్చాం. ఊపిరి ఆపింది ఎంతసేపో నేనే లెక్కపెట్టాను. పందొమ్మిది."

కొట్టంతా నవ్వులే. పెదబాబు గ్లాసులోకి చూస్తూ, "ఇరవై," అని గొణిగాడు.

తలుపులమ్మ చేతులు కడుక్కుని, కొంగు ముడి విప్పి పొద్దుటి మాత్ర అతని అరచేతిలో పెట్టింది.

"అన్నవరంలో స్వామి ముందు పుస్తెలు నీ చేత్తో మళ్ళీ కట్టు. అప్పుడు ఇరవై అని ఒప్పుకుంటాను."